ముక్కుతో చదివే చదువు

ఈ శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం రోజు పొద్దున్నే బీరువా తెరిచి మా అమ్మ పట్టుచీర బయటికి తీశాను. మడత విప్పేసరికి ఎండి గోధుమరంగుకు తిరిగిన మొగలి రేకు ఒకటి జారి కింద పడింది. అలవాటు కొద్దీ తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సన్నగా, ఎక్కడో నాలుగిళ్ల అవతలి నుంచి వస్తున్నట్టుగా వాసన వచ్చింది. చీర మొహానికి అదుముకుని మంచం మీద అలాగే కూర్చుండిపోయాను. తలస్నానం చేసి వచ్చిన మావారు నా కళ్లు చూసి కంగారుపడ్డారు.

"ఏమైంది?"

"ఏం లేదండీ. మొగలి వాసన వచ్చింది."

ఆయన ఇంకేం అడగలేదు. ఆ మాటకి అర్థం మా ఇంట్లో అందరికీ తెలుసు.

2021 మే నెలలో మా ఇంటిల్లిపాదికీ కరోనా వచ్చింది. దేవుడి దయవల్ల అందరం ఇంట్లోనే ఉండి బయటపడ్డాం. నా జ్వరం అయిదో రోజుకి తగ్గింది. కానీ ముక్కు పోయింది. జలుబు చేస్తే మూసుకుపోయినట్టు కాదు. గాలి హాయిగా ఆడుతుంది, వాసన మాత్రం ఉండదు. మొదట్లో పెద్దగా పట్టించుకోలేదు. ఊపిరి ఉంది కదా, ఊళ్లో ఎందరికో అది కూడా దక్కలేదు, ముక్కు గురించి ఏడవడమేమిటని సిగ్గేసేది.

ఒకరోజు పొయ్యి మీద పప్పు పెట్టి, అక్కడే గట్టు దగ్గర నిలబడి కరివేపాకు దూస్తున్నాను. పక్కగదిలోంచి అత్తయ్యగారు "ఏమిటమ్మా ఆ మాడు వాసన!" అని కేకేశారు. తిరిగి చూస్తే గిన్నె అడుగు నల్లగా అయిపోయింది. నేను మూడడుగుల దూరంలో ఉన్నాను, ఆవిడ రెండు గోడల అవతల ఉన్నారు. ఇంకోసారి గ్యాసు మీట సరిగ్గా కట్టలేదు. మా పెద్దమ్మాయి పరుగెత్తుకొచ్చి కట్టేసి, కిటికీలన్నీ తెరిచి, నన్ను చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చింది. వంటగ్యాసుకి సొంత వాసన ఉండదట. కారితే తెలియాలని కుళ్లు కంపు కొట్టే మందు అందులో కలుపుతారట. ముక్కు పనిచేసేవాళ్లని దృష్టిలో పెట్టుకుని చేసిన ఏర్పాటు అది. అప్పటినుంచి వంటింట్లోకి ఒంటరిగా వెళ్లాలంటే నాకు భయం పట్టుకుంది.

అప్పుడు అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. కాలేజీ లేదు, ఇంట్లోనే ఫోను ముందు పాఠాలు. మధ్యమధ్యలో నాకు ముక్కుగా పనిచేసేది. "పోపు వేగిందా చూడవే" అంటే వచ్చి వాసన చూసేది.

"వేగింది."

"ఎలా వేగింది? ఆవాలా, మెంతులా? ఇంగువ పచ్చిగా ఉందా?"

"ఏమో అమ్మా, బాగుంది."

బాగుంది అంటే నాకేం తెలుస్తుంది? అలా కాదని ఒక్కొక్క వాసనకీ మాట నేర్పించాను. నూనె కాగకముందు పచ్చివాసన. ఎక్కువ కాగితే కమురు వాసన. అడుగంటితే మాడు. ఆకు నలిపితే పసరు. చేప కడిగిన గిన్నెకి నీచు. డబ్బాలో మగ్గిన బియ్యానికి ముక్కిన వాసన. రాత్రి మూతపెట్టి మరిచిపోయిన కూరకి పాచి వాసన. పొద్దున్నే దించిన నేతికి కమ్మటి వాసన. బీఏ తెలుగు చదివి ఏం చేశావని ఎవరైనా అడిగితే ఇన్నాళ్లూ నా దగ్గర జవాబు ఉండేది కాదు. ఆ ఏడాది నా తెలుగంతా వంటింట్లో ఉపయోగపడింది. ఆ మాటలన్నీ అది ఓ పాత లాంగ్ నోట్‌బుక్కులో రాసుకునేది. ఒక్కో మాటకి ఎదురుగా "ఎప్పుడు, దేని దగ్గర, దేన్ని గుర్తుచేసింది" అని మూడు గళ్లు గీసుకుంది.

రాజమండ్రిలో చూపించుకుంటే డాక్టరుగారు మందులేమీ రాయలేదు. ముక్కుకి కసరత్తు చేయించమన్నారు. జర్మనీలో డ్రెస్డెన్‌లో హుమ్మెల్ అనే ఆయన బృందం 2009లో ప్రకటించిన పద్ధతి. గులాబి, నీలగిరి, నిమ్మ, లవంగం, ఈ నాలుగు వాసనలనీ రోజుకి రెండుసార్లు, పన్నెండు వారాలపాటు, ఒక్కొక్కటీ కాసేపు శ్రద్ధగా పీల్చాలి. వాసన రాకపోయినా, అదెలా ఉండేదో గుర్తు చేసుకుంటూ పీల్చాలి. మా ఇంట్లో రోజ్‌వాటర్ సీసా, అత్తయ్యగారి నీలగిరి తైలం, నిమ్మతొక్క, దంచిన లవంగాలు చిన్న చిన్న జాడీల్లో పెట్టి, దేవుడి గూటి పక్కనే సర్దుకున్నాను. పొద్దున దీపం పెట్టాక ఒకసారి, సంధ్యదీపం పెట్టాక ఒకసారి. నిమ్మ ముందు వచ్చింది. లవంగం తర్వాత. మధ్యలో ఒక విచిత్రం జరిగింది. ఫిల్టర్ కాఫీ టైరు కాలినట్టు, ఉల్లిపాయ కుళ్లినట్టు అనిపించేవి. పోయిన నరాలు తిరిగి అల్లుకునేటప్పుడు అలా తప్పుతోవ పడతాయట. ఆరు నెలలు కాఫీ మానేశాను. గోదావరి జిల్లా ఇల్లాలికి అదెంత శిక్షో వేరే చెప్పక్కర్లేదు.

క్రమంగా చాలా వాసనలు తిరిగొచ్చాయి. మొగలి మాత్రం రాలేదు. అది నా చిన్నతనపు వాసన కావడం వల్ల ఆ లోటు ఇంకా ఎక్కువగా ఉండేది. మా అమ్మమ్మగారి ఊరు కోనసీమలో మామిడికుదురు దగ్గర. ఆ చుట్టుపక్కలే మొగలికుదురు అనే ఊరూ ఉంది. కాలవగట్ల మీద, సముద్రం వైపు ఇసుక దిబ్బల మీద మొగలి డొంకలు గుబురుగా ఉండేవి. పాములుంటాయని పిల్లల్ని దగ్గరికి పోనిచ్చేవారు కాదు. పాలేరు కొడవలితో కోసి తెచ్చిన పొత్తిని అమ్మమ్మ చాటలో పెట్టుకుని, అంచుల ముళ్లు ఒలిచి, రేకు రేకు విడదీసేది. లేత రేకులు మా జడల్లోకి, ముదురువి చీరల మడతల్లోకి వెళ్లేవి. మిగిలినవి వట్టివేళ్లు, మరువం, దవనం, కచ్చూరాలతో కలిపి నువ్వులనూనెలో వేసి, జాడీకి గుడ్డ కట్టి ఎండలో పెట్టేది. రోజూ సాయంత్రం మూత తీసి వాసన చూసి, "ఇవాళ మరువం అరుస్తోంది, రేపు ఇంకాస్త వట్టివేరు వెయ్యాలి" అనేది. అరవడమేమిటని మేము నవ్వేవాళ్లం.

మొన్న మార్చిలో అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి పరీక్షల ముందు భోజనాల దగ్గర ఒక మాట చెప్పింది. ఎమ్మెస్సీ ఎంట్రెన్సు రాయదట. పరిమళాలు కూర్చడం నేర్చుకుంటుందట. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో కేంద్ర ప్రభుత్వం 1991లో పెట్టిన సుగంధ, రుచి అభివృద్ధి కేంద్రం ఉందనీ, అక్కడ శిక్షణ ఇస్తారనీ, దరఖాస్తు చేస్తాననీ అంది.

మావారు అన్నం కలపడం ఆపేశారు. "డిగ్రీ చదివి సెంటు సీసాలు అమ్ముతావా?" అన్నారు. అత్తయ్యగారు "పెళ్లికి ఎదిగిన పిల్ల, అంత దూరమా?" అన్నారు. నిజం చెప్పాలంటే అందరికంటే గట్టిగా వద్దన్నది నేను. బియ్యీడీ చేస్తే ఉద్యోగం, ఎమ్మెస్సీ చేస్తే ఉద్యోగం. ముక్కుని నమ్ముకుని బతకడమేమిటి? ముక్కు ఒక జ్వరంతో పోతుందని నాకంటే ఎవరికి బాగా తెలుసు? అదే అన్నాను. అది కళ్లనీళ్లతో లేచి, "పోతుందనే కదమ్మా నీకు దాని విలువ తెలిసింది" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ వేసవంతా మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి.

పిల్లలు మాట్లాడటం మానేస్తే వాళ్లు చదివేది చదవాలని మా అమ్మ చెప్పేది. అది టేబులు మీద వదిలేసిన కాగితాలు ఒక మధ్యాహ్నం చదివాను. ఫ్రాన్స్‌లో గ్రాస్ అనే ఊరు ఉంది. మల్లెలకీ గులాబీలకీ పేరు పడిన ఊరు. మనకి కడియం ఎలాగో వాళ్లకి అది అలా అనుకోండి. అక్కడ 1947లో పుట్టిన జాఁ క్లోద్ ఎలెనా అనే ఆయన జీవితం అందులో ఉంది. తండ్రీ అదే వృత్తిలో ఉండేవాడు. ఈయన పదహారేళ్లకే బడి మానేసి, సుగంధ నూనెలు తీసే ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు పనివాడుగా చేరాడు. తర్వాత 1968లో జెనీవాలో ఒక కంపెనీ నడిపే పరిమళాల బడిలో చేరాడు. 1976లో నగల కంపెనీ వాళ్లకి చేసిన 'ఫస్ట్' అనే పరిమళంతో పేరొచ్చింది. 2004లో ఎర్మెస్ అనే పెద్ద సంస్థ తన సొంత పరిమళకారుడిగా పెట్టుకుంది. ఆయన కూతురూ పరిమళాలే చేస్తుంది.

నన్ను ఆపేసింది ఆయన నైలునది కథ. నది పేరు మీద ఒక పరిమళం చెయ్యమని ఈజిప్టులోని అస్వాన్‌కి పంపారు. మల్లో, తామరో దొరుకుతుందని అందరూ అనుకున్నారు. ఆయనకి అక్కడ చెట్లకి వేలాడుతున్న పచ్చి మామిడికాయల వాసన తగిలింది. అదే పట్టుకున్నాడు. చిక్కేమిటంటే మామిడికాయని ఎంత ఉడికించినా, ఎంత పిండినా ఆ వాసన సీసాలోకి రాదు. వేరే ముడిసరుకులు కలిపి, పీల్చినవాడికి మామిడికాయ తలపుకొచ్చేలా భ్రమ కల్పించాలి. అలా చేసిన పరిమళం 2005లో వచ్చింది. 2008లో కేరళ వానల మీద ఇంకొకటి చేశాడు. వేలకొద్దీ ముడిసరుకులు దొరికే వృత్తిలో ఆయన సుమారు 200తోనే పని కానిస్తాడట. పనంతా ముందు నోటుపుస్తకంలో జరుగుతుంది. వాసన జ్ఞాపకం నుంచి పేర్లూ కొలతలూ రాసుకుని, తర్వాత లాబ్‌లో కలిపిస్తారు.

ఆవకాయ పెట్టిన చేతులతో ఆ కాగితాలు పట్టుకుని కూర్చున్నాను. కాయ తొడిమ తుంచగానే జీడి కారుతుందే, ఆ జీడి వాసన, కాయ కోస్తే వచ్చే పులుపు, ఆకు నలిపితే వచ్చే పసరు, ఇవి మూడూ కలిస్తేనే మామిడికాయ. ఒక్కటి తగ్గినా అది మామిడికాయ కాదు. ఈ సంగతి నాకు తెలుసు, మా అమ్మమ్మకి తెలుసు. దీన్ని ఒక విద్య అంటారని మాత్రం తెలియదు. అమ్మాయి నోట్‌బుక్కు తీసి చూస్తే, మామిడికాయ పేజీలో సరిగ్గా ఆ మూడు మాటలే ఉన్నాయి. 2021లో నేను చెప్పి రాయించినవి.

మన పుస్తకాల్లో మాత్రం ఈ విద్య లేదా? డిగ్రీలో మనుచరిత్ర పాఠంగా చదివాం. కాళ్లకి పూసుకున్న పసరు మంచుకి కరిగిపోయి, దారి తెలియక హిమాలయాల్లో తిరుగుతున్న ప్రవరుడికి, మనిషి జాడ ముందు కంటికి కాదు, ముక్కుకి తెలుస్తుంది. కస్తూరి, కర్పూరం కలిసిన తాంబూలపు వాసన గాలి మోసుకొస్తుంది. తర్వాతే వరూధిని కనిపిస్తుంది. పెద్దన ఏ వాసన ఏ వాసనని పెంచుతుందో, ఏది మిగతావాటిని కప్పేస్తుందో లెక్క తెలిసి రాశాడు. అప్పట్లో మా లెక్చరరు సమాసాలు విడదీయించి వదిలేశారు గానీ, ఇప్పుడు చూస్తే అదొక పరిమళం కూర్చే చీటీలా ఉంది.

ఇంకొకటి. పద్నాలుగో శతాబ్దం చివర కొండవీటిని ఏలిన కుమారగిరి రెడ్డి ఏటా వసంతోత్సవాలు చేసేవాడు. కర్పూర వసంతరాయలని ఆయనకి బిరుదు. సినారె కావ్యం ఆ పేరుతోనే వచ్చింది. ఆ ఉత్సవాలకి కర్పూరం, కస్తూరి, చందనం లాంటివి సముద్రాల అవతలి నుంచి తెప్పించి అందించిన వర్తకుడు అవచి తిప్పయ్య సెట్టి. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చింది ఆయనకే. ఆ కుమారగిరే తన బావమరిది కాటయ వేముడికి మా రాజమహేంద్రవర రాజ్యాన్ని ఇచ్చాడు. సుగంధాలు అమ్మిన సెట్టికి శ్రీనాథుడంతటివాడు కావ్యం ఇచ్చాడు. మా ఇంట్లో మాత్రం అది "సెంటు సీసాలు అమ్ముకోవడం" అయింది.

ఇంత చదివినా "సరే వెళ్లు" అన్న మాట నా నోట రాలేదు. భయం ఎక్కడికి పోతుంది?

అది వదిలింది వ్రతం రోజునే. ఆ రేకు వాసన తగిలాక అమ్మాయిని పిలిచి, చీర దాని ముక్కుకి ఆనించి, "ఏం వస్తోందో చెప్పు" అన్నాను. కళ్లు మూసుకుంది. "తేనె. కొంచెం గులాబి. వెనకాల పసరు పోయిన ఎండుగడ్డి. ఇంకా వెనకాల పాత పట్టు" అంది. నాకు తేనె ఒక్కటే వచ్చింది. మిగతా మూడూ అది చెప్పాక, వెతుక్కుంటే, ఉన్నట్టే అనిపించింది. నాలుగేళ్ల కిందట దాని చేత మాటలు రాయించింది నేను. ఇప్పుడు నాకు దారి చూపిస్తున్నది అది.

ఆ సాయంత్రం మావారితో అన్నాను, "కన్నౌజ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒకసారి బ్రహ్మపురం వెళ్లొద్దామండీ. ఈ పని ఏమిటో కళ్లతో చూసి, అప్పుడు వద్దంటే వద్దందాం."

బ్రహ్మపురంలో మా పిన్ని ఉంటుంది. గంజాం జిల్లా 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా మద్రాసు రాజధానిలోనే ఉండేది. అందుకే అక్కడ తెలుగువాళ్లు ఎక్కువ. వి.వి. గిరిగారు పుట్టిన ఊరు కూడా అదే. మన దేశంలో తయారయ్యే మొగలి అత్తరులో చాలా భాగం ఆ జిల్లా సముద్రతీరం నుంచే వస్తుంది. వాళ్లు కేవడా అంటారు. వానాకాలమే దానికి మంచి అదను. మేం వెళ్లింది సరిగ్గా అప్పుడే.

తెల్లవారుజామున బయల్దేరి పిన్ని వాళ్లకి తెలిసిన ఒక బట్టీ దగ్గరికి వెళ్లాం. చీకటి ఉండగానే కోసిన పొత్తులు సైకిళ్ల మీద, మోపెడ్ల మీద గంపల్లో వస్తున్నాయి. తూకం లేదు, కొబ్బరికాయల్లా లెక్కపెట్టి కొంటున్నారు. పొద్దెక్కేకొద్దీ వాసన ఎగిరిపోతుంది, అందుకే అంత తొందర. మగచెట్టు పువ్వుకే పరిమళం. ఆడచెట్టుకి అనాసపండులాంటి కాయ కాస్తుంది, వాసన ఉండదు. అమ్మమ్మ ఊరి డొంకల్లో కొన్నిటికి పొత్తులే ఎందుకు రావో నాకు ఇన్నేళ్లకి తెలిసింది.

పెద్ద రాగి డేగిసాలో పూలు, నీళ్లు వేశారు. మూత పెట్టి, అంచు చుట్టూ బంకమట్టి మెత్తారు. మూత నుంచి ఒక వెదురుగొట్టం, దానికి ఆవిరి కారకుండా తాడు బిగించి చుట్టారు. గొట్టం రెండో కొస నీళ్లతొట్టెలో మునిగి ఉన్న రాగికుండలోకి పోతుంది. కింద కట్టెల మంట. ఆవిరి పువ్వు వాసనని మోసుకుని గొట్టంలోంచి పోయి, కుండలో చల్లబడి దిగుతుంది. కుండలో ముందే నూనె పోసి పెడితే, వాసన ఆ నూనెలోకి ఎక్కుతుంది. పూర్వం చందనం నూనె పోసేవారు. చందనం ధర ఆకాశానికి వెళ్లాక చాలాచోట్ల వాసన లేని చవక నూనెలు వచ్చాయి. నూనె లేకుండా వట్టి ఆవిరిని పడితే పైకి తేలే సారమే రూహ్, మిగిలిన నీళ్లే మన బిరియానీలో పడే కేవడా వాటరు.

అక్కడ పనిచేసే పెద్దాయన దగ్గర గడియారం లేదు, వేడి కొలిచే సాధనం లేదు. మాటిమాటికీ తొట్టెలో చెయ్యి పెట్టి కుండని తడిమి చూస్తున్నాడు. వేడెక్కిందనిపిస్తే నీళ్లు మార్పిస్తున్నాడు. మంట ఒక కట్టె ఎక్కువైనా పువ్వు ఉడికిన వాసన వస్తుందట. పిన్ని ఒరియాలోంచి తెలుగులోకి మార్చి చెప్పింది. మా అమ్మాయి ఠక్కున "కమురు" అంది. మావారు దానివైపు చూశారు.

ఆయన లెక్కల మనిషి. ఇదంతా ఫ్యాక్టరీలో చెయ్యలేరా అని అడిగారు. చేస్తారు నాన్నా అని అదే జవాబు చెప్పింది. మొగలి సారంలో ముప్పాతిక వంతుకి దగ్గరగా ఉండేది ఒకే ఒక పదార్థమట. దాన్ని ఫ్యాక్టరీలో చవకగా తయారుచేస్తారు. కల్తీకి వాడేదీ అదే. మిగతా పావు వంతులో పదుల కొద్దీ చిన్న చిన్న పదార్థాలు ఉంటాయి. పసరు, గడ్డి, తేనె అని ముక్కుకి తెలిసేవి అవి. "పువ్వుదే గొప్ప, ఫ్యాక్టరీది పాపం అని కాదు నాన్నా. మామిడికాయలాంటివి ఫ్యాక్టరీ సరుకు లేకపోతే చెయ్యనే చెయ్యలేం. ఏది ఎక్కడ కావాలో తెలియాలి. అది నేర్చుకుందామనే వెళ్తానంటున్నా" అంది. ఇంకా చెప్పింది. నిమ్మలాంటివి పూసుకోగానే ఎగిరిపోతాయి, మల్లెలాంటివి కొన్ని గంటలు ఉంటాయి, వట్టివేరు, చందనం లాంటి బరువైనవి మర్నాటిదాకా పట్టుకుని ఉంటాయి. తేలికవాటిని బరువైనవి కాస్త ఆపుతాయి. ఈ మూడింటి పొత్తు కుదర్చడమే పరిమళం కూర్చడం.

నాకు అమ్మమ్మ జాడీ కళ్ల ముందు కనపడింది. మరువం అరుస్తోంది, వట్టివేరు వెయ్యాలి. ఆవిడ అన్నది ఇదే కదా!

తిరుగురైల్లో విశాఖపట్నం దాటేదాకా మావారు ఏమీ మాట్లాడలేదు. తుని దగ్గర వాన మొదలైంది. కిటికీలోంచి తడిమట్టి వాసన కొట్టింది. నాకూ వచ్చింది. అమ్మాయి చెప్పింది, ఎండిన నేల మీద వాన పడితే వచ్చే వాసనకి 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పెట్రికోర్ అని పేరు పెట్టారట. కన్నౌజ్‌లో మాత్రం అంతకు ఎప్పటినుంచో కాల్చిన మట్టిని బట్టీ పెట్టి, ఆ వాసనని అత్తరుగా పడుతున్నారట. "మట్టిని కూడానా?" అన్నారు మావారు. అన్నాక కాసేపటికి, "ఆ కన్నౌజ్‌కి కాన్పూరు మీంచి వెళ్లాలా?" అని అడిగారు.

అది నావైపు చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను, ఎందుకంటే మళ్లీ కళ్లనీళ్లు వస్తున్నాయి.

భయం పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. ఈ విద్యలో ఎంతమందికి మంచి బతుకు దొరుకుతుందో నాకు తెలియదు. జలుబు చేసిన ప్రతిసారీ దానికి ఫోన్ చేసి "లవంగం వాసన వస్తోందా?" అని అడుగుతానని నాకు తెలుసు. మావారు రెండు టిక్కెట్లు తీశారు. దింపి, హాస్టలు చూసి వస్తారట. అత్తయ్యగారు సున్నిపిండి విసిరించి పెట్టారు, బావంచాలు, కచ్చూరాలు అన్నీ వేసి. "అక్కడి సబ్బులు మన ఒంటికి పడవు" అంటారావిడ.

బ్రహ్మపురం నుంచి తెచ్చిన పొత్తిని నేనే చాటలో పెట్టుకుని ముళ్లు ఒలిచాను. లేత రేకులు రెండు అమ్మాయి పెట్టెలో, చీరల మధ్య పెట్టాను. అడుగున ఆ లాంగ్ నోట్‌బుక్కు ఉంది. తెరిచి చూస్తే చివర్లో ఇంకా పది పన్నెండు కాగితాలు ఖాళీగా ఉన్నాయి. మీ ఇళ్లలో, మీ ఊళ్లలో ఏదైనా వాసనకి ప్రత్యేకంగా ఓ మాట ఉంటే నాకు చెప్పండి. అది రైలెక్కేలోపు రాయించి పంపిస్తాను.